చెల్లుబాటయ్యే పేరు

నవంబర్ 11, సోమవారం

ఒకే మొక్కకు రెండు పేర్లుంటే ఏది నిలబడాలి? ముందు పెట్టింది, తర్వాతది సినానిమ్, అంటే చెల్లని పేరు. పద్దెనిమిదేళ్లుగా కర్నూలు కాలేజీలో బాటనీ పిల్లలకు ఇదే చెప్తున్నా. నా సంగతికొస్తే ఆ మాట చెప్పలేను.

మూడో నెలలో చర్చిలో మహిమ. ఆరో ఏట బడిలో గంగాదేవి. మహిమ అని రాస్తే ఎస్సీ సర్టిఫికెట్ రాదని హెడ్మాస్టరే మార్చి రాశాడు. చదువు, ఉద్యోగం అన్నీ గంగాదేవివే.

నవంబర్ 17, ఆదివారం

అమ్మ ఫోన్. గండికోట దారిలోని మా ఊరి చర్చికి నూరేళ్లు. గోడకు నల్లరాయి పెట్టి ఇంటింటి పేర్లు చెక్కుతారంట. ‘విశ్వాసమ్మ కూతురు మహిమ, పీహెచ్‌డీ’ అని రాయిస్తాదంట. ఊఁ అన్నాను.

నవంబర్ 19

స్టాఫ్ రూమ్‌లో వసంతకుమార్ సార్, మీ ఊళ్లో చర్చి పండగంట గదా మేడమ్, ఫొటోలు పెట్టండి అన్నాడు. ప్రమోషన్ లిస్టులో నా తర్వాత పేరు ఆయనది. నా ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదని కంప్లైంట్ పెట్టడానికి ఆ రాతి ఫొటో ఒక్కటి చాలు.

నవంబర్ 21

క్లాసుకు తంగేడు కొమ్మ తీసుకుపోయా. పాత పుస్తకాల్లో కాసియా, ప్రజాతి మార్చాక ఇప్పుడు సెన్నా. మరి తంగేడుకేం తేడా పడింది మేడమ్ అంది జెస్సీ. అందరూ నవ్వారు. సినానిమ్‌ను కొట్టేస్తారా అని మళ్లీ అడిగింది. కొట్టేయరు, అసలు పేరు కింద రాసిపెడతారు అన్నాను.

అందరూ జెస్సీ అనే పిలుస్తారు, అటెండెన్స్‌లో ఆ పిల్ల పేరు శివపార్వతి. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

నవంబర్ 24, ఆదివారం

ఊరికి పోయి అమ్మకు చెప్పా, నా పేరు వద్దని. చాట దించలేదు, జొన్నలు చెరుగుతానే ఉంది. నేను పెట్టుకున్న పేరు, వద్దనేకి నువ్వెవరు అంది. పొట్టు ఊదేసి, ఉద్యోగం పోతాదా అంది. పోవచ్చు అన్నాను. నేను జూసుకుంటాలే, నువ్వు పో అంది.

నవంబర్ 30

అమ్మ ఫోన్ ఎత్తడం లేదు.

డిసెంబర్ 15, ఆదివారం

చర్చి పండక్కి పోయి రాయి చూశాను. మా ఇంటి వరుసలో అమ్మ ఒక్కతే. కింద ‘ప్రభువునందు నిద్రించినవారు’ అని పోయినవాళ్లకు ఇంకో వరుస. అందులో నాన్న. నాన్న పక్కన మహిమ.

పాస్టర్ ఏసేపు గారు ఊరికి కొత్త. మీ అక్క మహిమ శానా చిన్నప్పుడే పోయిందంట గదమ్మా అన్నారు. అవునన్నాను. నా వెనక నిలబడిన పక్కింటి నాగక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. ఎవరొచ్చి అడిగినా ఇంగ భయం లేదు అంది అమ్మ, బయటికొచ్చినాక. నా మొహం మాత్రం చూడలేదు.

డిసెంబర్ 16

అటెండెన్స్‌లో శివపార్వతి అని పిలిచా. ప్రెజెంట్ మేడమ్ అంది జెస్సీ.

ఆ రాతి మీద పోయిందెవరో నాకింకా తేల్లేదు.