గోళ, కొమ్ము, నవ్య మెదడు

మంగళవారం, రాత్రి

పద్నాలుగేళ్ల మా నవ్య ఈ రోజు ఇద్దరు స్నేహితురాళ్లను ఎక్కించుకుని నా స్కూటీ మీద వేల్పూర్ దాకా పోయొచ్చింది. లారీలు తిరిగే రోడ్డు అది. భయం వేయలేదా అని అడిగితే, తప్పు తనది కాదంది.

"మెదడుల లోతున ఉబలాటం పుట్టే జాగ ఈ వయసుల మస్తు జోరు మీదుంటదట అమ్మా. దాన్ని ఆపే ముందుభాగం ఇరవై దాటినంక గాని ముదరదట. బడికొచ్చిన డాక్టరమ్మనే చెప్పింది."

"అయితే అది ముదిరేదాక తాళంచెవి నా తాననే ఉంటది," అన్నాను.

"నీకు సైన్సు తెల్వది," అని తలుపు ధడేల్మని వేసుకుంది.

ఆ కోపంలోనే పసుపు ఉడకబెట్టే చోటికి పోయి, గోళ, కొమ్ము అని చూడకుండా కనబడిన గంపలన్నీ బాయిలర్‌లో గుమ్మరించాను. కాసేపటికి అత్తమ్మ వచ్చి పుల్ల గుచ్చి చూసింది. సన్నటి కొమ్ములో మెత్తగా దిగింది. లావుపాటి తల్లిదుంప, అదే గోళ, లోపల ఇంకా పచ్చిగానే ఉంది. ఆ రెండూ వేరువేరుగా ఉడకబెట్టాలని పెళ్లై వచ్చిన ఏడాదే నేర్చుకున్నాను.

"పిల్ల మీది కోపం పసుపు మీద తీస్తవా?" అంది అత్తమ్మ.

నవ్య ఎప్పుడొచ్చి నిలబడిందో, "అమ్మా, నీకెన్నేండ్లు?" అని మెల్లగా అడిగింది.

నలభై రెండని చెప్పాను.

అది నానమ్మ చేతిలోని పుల్ల అందుకుని నా నుదుటివైపు చూసింది.