కొట్టేసిన బొండం

రాజోలు
జులై 12, 2021

ప్రియమైన నాన్నగారికి,
శారోన్ వందనాలు.

ఈ ఉదయం డయాలసిస్‌వాళ్ళని తీసుకెళ్ళే అప్పన్న ఆటో మన గేటు ముందు ఆగినప్పుడు లోపల్నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. మోచేతి దగ్గర నరం తాడులా ఉబ్బి ఉంది, డయాలసిస్ సూదుల వల్ల మీ చేతికి ఉన్నట్టే. ఆ చెయ్యి, మీరు చదవమని ఇచ్చిన నా పుస్తకం నాకు ఇచ్చేసి, ఇంకోటి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. డయాలసిస్ హాల్లో మీ పక్క మంచం ఉదయ్ గారట, అప్పన్న చెప్పాడు. నేను నమస్కారం కూడా పెట్టలేదు.

ఫోనులో నా మాట మీకు వినపడదు కాబట్టి రాసి అప్పన్న చేత పంపిస్తున్నాను. మేలో నాకు కరోనా వచ్చినప్పుడు మిమ్మల్ని అమలాపురం పంపించాను. డయాలసిస్‌కి దగ్గరని మీరు అక్కడి అద్దె గదిలోనే ఉండిపోయారు. నాకు తగ్గిపోయింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. కాఫీ, ఫినాయిలు నాకిప్పుడు ఒకటే. దాని గురించి పెద్ద బాధ కూడా లేదు.

మీరింకా వ్యాక్సిన్ వేయించుకోలేదు. కిడ్నీ డాక్టరుగారిని అడిగాను. కిడ్నీలు పాడైనవాళ్ళకి కరోనా వస్తే మామూలు మనుషులకంటే ప్రమాదం చాలా ఎక్కువన్నారు. అందరిలాగా తలుపు వేసుకుని ఇంట్లో కూర్చోవడానికీ మీకు లేదు. వారానికి మూడుసార్లు ఆ హాల్లో పదిమంది మధ్య పడుకోవాలి. ఇంజెక్షన్ వల్ల డయాలసిస్‌కి ఏ ఇబ్బందీ రాదన్నారు. మీలాంటివాళ్ళ ఒంట్లో అది కాస్త తక్కువ పనిచేస్తుందట. అందుకే రెండో డోసు కూడా తప్పనిసరి, మాస్కు ఆ తరవాతా తీయకూడదు అన్నారు.

వేయించుకోండి నాన్నగారూ. అమ్మ పోయాక ఈ ఇంట్లో మనిద్దరమే.

మీ
శారోన్

*

అమలాపురం
జులై 14

ప్రియమైన చిట్టితల్లికి,
నాన్న దీవెనలు.

నీ ఉత్తరం మిషను మీద ఉండగా చదివేను. నాకు ఒక చెయ్యి కట్టేసి ఉంటుంది కదా, కాగితం పక్క మంచం మీంచి ఉదయ్ పట్టుకున్నాడు. "చదవకుండా పట్టుకోవోయ్" అన్నాను. "కళ్ళు మూసుకునే పట్టుకున్నానండి మాస్టారూ, అమ్మాయిగారి అక్షరాలు బాగున్నాయండి" అని నాకు వినపడేలా అరిచేడు. హాలంతా నవ్వింది. అతనికి ముప్ఫై కూడా నిండలేదు. శివకోడులో పిల్లలకి ట్యూషన్లు చెప్పేవాడు.

ఇంజెక్షన్ సంగతి హాల్లో రోజూ నలుగుతోంది. మాలాంటి కిడ్నీ జబ్బువాళ్ళు వేయించుకుంటే పోతారని ఎవరో పుట్టించేరు. నర్సు దుర్గాభవాని నా మంచం దగ్గరకొచ్చి, "మీరు వేయించుకుంటే అందరూ వేయించుకుంటారండి, మిమ్మల్నే చూస్తున్నారు" అంది. ఉదయ్ ఊరుకుంటాడా. "ముందు మీరెళ్ళండి మాస్టారూ. మీకేం కాకపోతే వెనకాలే నేనొస్తాను. ఏమైనా అయితే మీ మంచం కిటికీ పక్కది, అదైనా నాకు దక్కుద్ది" అన్నాడు.

దాహమే భరించలేకపోతున్నాను. డాక్టరు తాగమన్న నీళ్ళు రోజు మొత్తానికి ఆ రెండు గ్లాసులే. మధ్యలో తడిగుడ్డ నాలిక్కి అద్దుకుంటున్నాను.

గది అద్దెకిచ్చిన కామేశ్వరమ్మగారు మంచి మనిషి. వేదం చెప్పుకునేవాళ్ళ కోడలు. పేపరు చదివేసి నా గడప మీద పెట్టి వెళతారు. ఏం మాట్లాడినా గడప అవతల నుంచే. మనం ఎవరమో ఆవిడకి తెలుసు, ఆవిడ ఎవరో మనకి తెలుసు. ఇద్దరికీ ఇబ్బంది లేదు.

రేపు గురువారం వేయించుకుంటాను. నువ్వు అడిగేవని, హాలు చూస్తోందని.

నీ
నాన్న

*

అమలాపురం
జులై 21

చిట్టితల్లీ,

ఓపిక లేదు, కొద్దిగానే రాస్తాను. నువ్వు ఆసుపత్రి గాజుతలుపు బయట నుంచుని వెళ్ళేవని దుర్గాభవాని చెప్పింది. నాకు తెలివి లేదు అప్పుడు.

గురువారం ఇంజెక్షన్ వేయించుకున్నాను. శుక్రవారం జ్వరం. ఆ సాయంత్రం కాళ్ళు చచ్చుబడి పడిపోయేను. గుండె బాగా నెమ్మదించిందట. అప్పటికప్పుడు మిషను ఎక్కించేరు. ఇప్పుడు గదికొచ్చేసేను. తింటున్నాను.

ఇంజెక్షన్ పడలేదని హాల్లో అందరూ అనుకుంటున్నారు. నేనేం మాట్లాడలేదు. ఇంజెక్షనుకి పేర్లు రాయించుకున్నవాళ్ళు ఆ పేర్లు కొట్టేయించుకున్నారు. ఉదయ్ కూడా.

నువ్వు బెంగపడకు.

నాన్న

*

రాజోలు
ఆగస్టు 21

ప్రియమైన నాన్నగారికి,
వందనాలు.

మిమ్మల్ని ఆ రోజు ఆసుపత్రికి చేర్చినందుకు కామేశ్వరమ్మగారికి థాంక్స్ చెప్పాలని నెల పైనుంచీ అనుకుంటున్నాను. తెలియనివాళ్ళకి ఫోను చేయాలంటే నాకు ఎలా ఉంటుందో మీకు తెలుసు. రోజూ నంబరు తీసి మళ్ళీ పెట్టేసేదాన్ని. నిన్న చేశాను.

ఆవిడ చాలా ఆప్యాయంగా మాట్లాడారు. ఆవిడ మాటలే రాస్తున్నాను.

"నేనేం చేసేనమ్మా. జ్వరంతో మూలుగుతుంటే చూడలేక పెరట్లో కొబ్బరి బొండాలు దింపించేను. నా చేత్తో కొట్టి ఇచ్చేను. మొహమాటపడ్డారు. తాగండి మాస్టారూ, చలవ చేస్తుంది అన్నాను. పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం ఒకటి తాగేరు. అయినా ఆ పాడు ఇంజెక్షను ఎంత పని చేసిందో చూడు."

"ఆయ్ అండీ" అన్నాను.

మన వైపు ఎవరికి జ్వరం వచ్చినా బొండమే ఇస్తారు. ఆవిడ తప్పేం లేదు. కానీ కిడ్నీ పనిచెయ్యనివాళ్ళు బొండం తాగకూడదని, అందులో పొటాషియం గుండెని ఆపేస్తుందని మీకు తెలుసు. మొదటి డయాలసిస్ రోజునే డాక్టరుగారు చెబితే, ఇంటికొచ్చి నాకు చెప్పింది మీరే. కోనసీమలో పుట్టి బొండం మానేయడమేమిటని ఆ రోజు నవ్వారు కూడా.

జ్వరం ఇంజెక్షన్ వల్ల వచ్చింది. అది మర్నాటికి తగ్గిపోయేది. మీరు పడిపోయింది ఇంజెక్షన్ వల్ల కాదు.

హాల్లో ఎవరూ వేయించుకోవడం లేదని అప్పన్న చెప్పాడు. మన చుట్టుపక్కల ఊళ్ళలో కరోనా ఇంకా తగ్గలేదు. వాళ్ళకి చెప్పండి నాన్నగారూ. మీరెందుకు చెప్పలేదో నాకు అర్థం కాలేదు.

శారోన్

*

అమలాపురం
ఆగస్టు 28

ప్రియమైన శారోనుకి,

నువ్వు అడిగేవు కనక రాస్తున్నాను.

ఆ రోజు ఆవిడ గడప దాటి లోపలికొచ్చేరు. నేను ఈ గదిలో దిగేక అదే మొదటిసారి. మంచం దగ్గరకొచ్చి కొట్టేసిన బొండం నా చేతిలో పెట్టేరు. ఆవిడ వేళ్ళు నా చేతికి తగిలేయి. ఆవిడేం వెనక్కి తీసుకోలేదు.

నా చిన్నప్పుడు మా అమ్మ అలాంటి ఇళ్ళ పెరట్లో పనిచేసేది. దాహమేస్తే దోసిలి పట్టేవాళ్ళం. పైనుంచి పోసేవారు. నీకు ఇవన్నీ చెప్పలేదు, చదువుకునే పిల్లవి కదా అని.

కొట్టకముందైతే ఏదో చెప్పి తప్పించుకునేవాణ్ణి. కొట్టేసి చేతికిచ్చేక వద్దనడం ఎలాగో నాకు తెలియలేదు. రెండోది తెచ్చినప్పుడూ అంతే. దాహం కూడా వేసింది. అదీ రాయాలి కదా.

తరవాత నిజం చెబితే మాస్టారిని చంపబోయిందని ఆవిడ పేరు వీధిన పడుతుంది. ఇంజెక్షనుకైతే బాధపడే మనసు లేదు కదా అనుకున్నాను. హాలు చూస్తోందన్న సంగతి మరిచిపోయేను. మరిచిపోలేదేమో కూడా. తెలియదు.

సోమవారం చెబుతాను. ఆవిడ పేరు రాకుండా, దాహానికి ఆగలేక నేనే తాగేనని చెబుతాను.

సోమవారం, సాయంత్రం.

చెప్పేను. మిషను మీద పడుకునే, గట్టిగా చెప్పేను. దుర్గాభవాని అందరి ముందూ కేకలేసింది. "హెడ్మాస్టరుగా చేసేరు, బొండం తాగకూడదని తెలీదాండీ" అంది. తలూపేను. ఒకాయన "అయితే ఇంజెక్షను మంచిదేనాండీ?" అని అరిచి అడిగేడు. మంచిదే అన్నాను.

ఉదయ్ మంచం మీద వేరే ఎవరో ఉన్నారు. శనివారం నుంచీ జ్వరమట, ఆయాసమట. కరోనా అని కాకినాడ తీసుకెళ్ళేరట.

అంతా నా వల్లే.

నాన్న

*

రాజోలు
సెప్టెంబరు 18

ప్రియమైన నాన్నగారికి,
వందనాలు.

ఈ ఉదయం ఆటో ఆగింది. ఈసారి చెయ్యి రాలేదు. అప్పన్నే దిగి వచ్చి, "ఇది ఆ బాబు దగ్గరున్నదండి, వాళ్ళ చెల్లెలు ఇచ్చింది" అని నా పుస్తకం ఇచ్చాడు. దానికి పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి ఉంది. నేనిచ్చినప్పుడు అట్ట లేదు. అంచులు చాలా నీటుగా మడిచారు. వాసన చూశాను. ఏమీ తెలియలేదు.

ఉదయ్ గారు పోయిన సంగతి మీకు దుర్గాభవానిగారు చెప్పే ఉంటారు. వెంటిలేటరు మీదే డయాలసిస్ చేశారట. నిన్న వాళ్ళింట్లో ప్రార్థనకి వెళ్ళాను. గుమ్మం దగ్గర నుంచున్నాను. నేనెవరో ఎవరూ అడగలేదు. గోడ మీద ఫోటోలో ఆయన మొహం మొదటిసారి చూశాను. పెద్ద కళ్ళద్దాలు.

డాక్టరుగారికి ఫోను చేశాను. జులైలో ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే బతికేవారా అని అడిగాను. ఒక్క డోసు ఆయన్ని కాపాడేదో లేదో ఎవరూ చెప్పలేరన్నారు. అవకాశం మాత్రం ఉండేదన్నారు. తరవాత ఫోను పెట్టేశారు.

హాల్లో ఇప్పుడు ఇద్దరు తప్ప అందరూ వేయించుకున్నారట. మీ రెండో డోసు వచ్చే నెలలో. నేనే వచ్చి తీసుకెళతాను. ఆ రాత్రికి మీ గదిలోనే ఉంటాను. జ్వరం వస్తే మాత్ర నేను వేస్తాను. కామేశ్వరమ్మగారు బొండం తెస్తే గుమ్మంలోనే అందుకుని, కూర్చోమని చెప్పి, నేను తాగుతాను. ఆవిడకి ఏమీ చెప్పను.

అంతా మీ వల్లే అని రాశారు. అది చదివాక మీకు జవాబు రాయలేకపోయాను.

మీరు ఇంజెక్షన్ వేయించుకునే ముందు రోజు సాయంత్రం ఉదయ్ గారు నాకు ఫోను చేశారు. ఆ ఒక్కసారే. పుస్తకం లోపలి పేజీలో నా నంబరు ఉంది కదా. ఇంజెక్షన్ వేయించుకోమంటారాండీ అని అడిగారు.

మా నాన్నగారు రేపు వేయించుకుంటున్నారు, ఆయనకి ఎలా ఉంటుందో చూసి వేయించుకోండి అన్నాను.

శారోన్