నీ వంతు వడ్లు

మత్తయన్నా, నువ్వు ఇయ్యాల వస్తవని కబురు అందింది. సర్కారుకు కట్టే లెవీ వడ్లు ఇయ్యాల్నే గోదాముకు చేర్చాలన్నరు, అందుకే అమ్మా నేనూ బండి ఎంబడి పోతున్నం. ఉట్టి మీద అన్నం ఉన్నది. పోయేటప్పుడు గొళ్ళెం పెట్టు. ఈ చీటీ చదివి పొయ్యిల ఏయ్.

నిన్న సర్కారు గిర్దావరు వచ్చి కల్లంల వడ్లు కొలిపించిండు. కుప్పంతటి మీద లెవీ పడుతదనుకున్న. గట్ల కాదట. ముందు విత్తనాలు తీసి పక్కకు పెట్టిండ్రు, తర్వాత ఇంట్ల తినేటోళ్ల గింజలు తీసిండ్రు. మిగిలిన దాని మీదనే లెవీ. పుట్టికి ఇంత అన్నది ఏం మారలే, కుప్పనే చిన్నగైంది. "మరి ఎడ్ల దాణా ఎందుకు తియ్యరు?" అని అడిగిన. నవ్వుకుంట లెక్క రాసుకున్నడు. నీకేమన్న ఎరికేనా?

తినేటోళ్లల్ల అమ్మ నిన్ను గూడ కలిపింది. "కొడుకేడి?" అని అడిగితే "పట్నం పనికి పోయిండు, తిండికి ఇంటికే వస్తడు" అన్నది. అబద్ధమాడిన అని అప్పటిసంది ప్రార్థన చేస్తనే ఉన్నది. దళంల కలిసినంక నువ్వు ఒక్క పూటన్న ఇంట్ల తిన్నవా?

నీ చెల్లె సుసన్న

చెప్పుడు మరిచిన. ఉట్టి మీద ఉన్నది నీ పేరున తీసిన వడ్ల అన్నమే. జర తిని పో. అమ్మ మాట నిజమైతది.