పదును అంటే కత్తి కాదు

జూన్ 11

కొత్త ఆల్బమ్ పోస్టరు వచ్చింది. సూరి పంపలేదు, ఇంతియాజ్ పంపాడు. నల్లటి కాగితం, ఎర్రటి అక్షరాలు — ‘పదును’. అక్షరాల కింద కత్తి. నిజంగానే కత్తి. సినిమాలో విలన్ యాపిల్ పండు కోసుకు తింటాడే, ఆ రకం.

ఆ పేరు పెట్టింది నేను. ఎండిపోయిన బోరు పక్కన మా పంపు షెడ్డులో ముగ్గురం వాయించుకునే రోజులు. సూరి పాట, గిటారు. ఇంతియాజ్ బేస్. నేను డ్రమ్స్. వాన పడి తెల్లారిన ఒక రోజు చేలో మన్ను పిడికిట్లో పట్టి చూపించాను. ముద్ద అయింది, చేతికి అంటలేదు. విత్తడానికి సరిగ్గా సరిపోయే తడి. “పదునంటే ఇదిరా, ఇదే మన పేరు” అన్నాను. సూరి ఎగిరి గంతేశాడు.

ఇప్పుడు కత్తి. బాగుంది.

జూన్ 12

ఇంతియాజ్‌కు ఫోన్ చేసి అడిగేశాను, ఏమప్పా ఆ కత్తి అని.

“కంపెనీవాళ్లు వేసినార్లే ఓబులేసా. సిటీలో మన్ను పదును ఎవురికి తెలుస్తాది?”

“మీరు చెప్పల్ల గదా.”

“సూరి చెప్పలేదు. నేనేం చెప్పేది?”

వాడెప్పుడూ అంతే. బేస్ వాయించేవాడు కదా, ఎవడు ముందు నడిస్తే వాడి వెనక నడుస్తాడు.

జూన్ 15

వాన లేదు. గాలిమరలు తిరుగుతున్నాయి. గాలికి మాత్రం ఈ ఊళ్లో కరువు లేదు.

జూన్ 19

సూరి ఇంటర్వ్యూ చూశాను. గడ్డం పెంచాడు. ఇంట్లో కూర్చుని నల్లద్దాలు. “పదునంటే షార్ప్… మా మ్యూజిక్ కోస్తుంది” అంటున్నాడు. ‘చేశాం, వెళ్లాం, అనుకున్నాం’ అట. ఎక్కడి భాష అది? నా దగ్గర ఎప్పుడూ ‘చేసినాం, పోయినాం’ అన్నవాడే.

మీ మొదటి డ్రమ్మరు ఏమయ్యాడని అడిగింది ఇంటర్వ్యూ చేసే అమ్మాయి. “ఊళ్లో వ్యవసాయం చేసుకుంటున్నాడు. హ్యాపీగా ఉన్నాడు.”

హ్యాపీగా. ఎవరు చెప్పారు నీకు?

షెడ్డుకు పోయి పుల్ల విరిగేదాకా వాయించాను. పక్క చేను సాకమ్మ గట్టు మీద నుంచి కేకేసింది — “ఏమప్పా, వాటిని కొడితే వానొస్తాదంటే చెప్పు, నేనూ వచ్చి కొడతా.” నవ్వొచ్చింది. నవ్వి, మళ్లీ ఒక్కణ్ణే కూర్చున్నాను.

జూన్ 24

ఫోన్లో బ్యాండ్ల కథలు చదువుతూ పొద్దు పుచ్చాను. ఏ దేశం బ్యాండైనా కథ ఒకటే. మొదటి రికార్డు షెడ్డులో. రెండోది పెద్ద ఊళ్లో. మూడోదానికి తగాదాలు. మధ్యలో ఎక్కడో మొదటి డ్రమ్మరు ఒకడుంటాడు, పాత ఫోటోలో చివరన, సగం తెగిపోయి. వాడి గురించి ఒక్క వాక్యం — ‘తర్వాత విడిపోయాడు’. అంతే. వాడు విడిపోయాడా, వీళ్లు వదిలేశారా, ఎవరూ రాయరు.

నేను విడిపోలేదు. రాసుకుంటున్నాను, కనీసం ఇక్కడైనా ఉండనీ.

జూన్ 30

బెంగుళూరు నుంచి నాయన ఫోన్. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పనిలో చేరాక కొడుకు ఎట్లా ఉన్నాడో అడగడం మానేశాడు. “పదునైందా?” అదొక్కటే.

“యాడ నాయనా.”

“కాకపోతే నువ్వూ ఈడికే వచ్చెయ్. ఆ చేను యాడికీ పోదు.”

అమ్మ అక్కడ, నాయన అక్కడ, సూరి అక్కడ, ఇంతియాజ్ అక్కడ. ఊరంతా బస్సెక్కింది. బస్సు దిగేవాడే లేడు.

జూలై 3

సూరి ఫోన్ చేశాడు. స్వయంగా.

ఇరవయ్యో తేదీ అనంతపురంలో, కాలేజీ గ్రౌండులో షో. సొంత జిల్లాలో మొదటిది. “ఆఖరి పాట నువ్వు వాయించు. మబ్బు పాట. జనం ముందర మనం ముగ్గురం. బాగా కుదిరితే టూరుకు నువ్వే రా. లేకుంటే ఇప్పుడు డ్రమ్స్ వాయించే పిల్లోణ్ణి పర్మనెంట్ చేస్తామంటాండారు కంపెనీవాళ్లు. ఇదే ఆఖరు రా, ఓబులేసా.”

నాతో మాట్లాడేటప్పుడు పాత మాటే వచ్చింది వాడికి.

ఎన్ని మాటలు దాచుకున్నాను వీడి కోసం. కత్తి, షార్ప్, హ్యాపీ… ఏదీ నోట్లోంచి రాలేదు. “సరే” అన్నాను. సరే అని చిన్నపిల్లాడిలా షెడ్డుకు పరుగెత్తాను.

జూలై 6

డ్రమ్ముల మీద దుమ్ము తుడిచాను. మబ్బు పాట చేతుల్లోనే ఉంది. ‘మబ్బుండాది, వాన యాడ?’ — ఆ ‘యాడ’ దగ్గర ఒక దెబ్బ వదిలేయాలి. ఖాళీగా. వాళ్ల కొత్త పిల్లోడు అక్కడ నింపేస్తాడు. పాపం, వాడికి ఎదురుచూడటం రాదు.

జూలై 9

పోయిన సంవత్సరం గుర్తొస్తోంది. బస్టాండులో వాళ్లు, సామాన్లు. నేను దుక్కి దున్ని వాన కోసం చూస్తున్నాను. “పదునైతే విత్తి వస్తా” అన్నాను. ఒక నెల నా కోసం స్టూలు ఖాళీగా ఉంచారు. వాన రాలేదు. వచ్చేసరికి స్టూలు మీద వేరేవాడు కూర్చున్నాడు.

బస్సు కదిలేటప్పుడు సూరి కిటికీలోంచి “వస్తాం రా” అన్నాడు. నేను దాన్ని పట్టుకుని కూర్చున్నాను, పండక్కో పబ్బానికో దిగుతారని. మనవాళ్లు ఎవరూ ‘పోతా’ అనరు కదా. పోయేవాడు కూడా ‘వస్తా’ అనే పోతాడు. ఆ సంగతి తెలిసీ ఎదురుచూశాను.

జూలై 14

మబ్బు పట్టింది. పడలేదు. విత్తనాలు ఇంట్లో మూటగట్టి ఉన్నాయి. ట్రాక్టరు ఓబన్నకు చెప్పిపెట్టాను. విత్తనం వేసే గొర్రూ ఆయనదే. గొర్రు వెనక నడిచే మనిషిని మాత్రం నన్నే చూసుకోమన్నాడు. గొట్టాల్లో మన్ను ఇరుక్కుంటే తీయాలి, గింజ పడుతోందో లేదో చూడాలి. అప్పట్లో సూరి నడిచేవాడు, పాడుకుంటూ. సగం సాళ్లు చూడకుండా వదిలేసేవాడు.

జూలై 17

దక్షిణాన మెరుపులు. నాకు భయమేసింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఈ మబ్బును రా రా అనే అన్నాను. ఈరోజు మొదటిసారి, నాలుగు రోజులు ఆగి రా అన్నాను.

ఛీ. నాయన వింటే ఏమంటాడు?

జూలై 19, సాయంత్రం

వాళ్లు అనంతపురం చేరారు. స్టేజీ కట్టేశారట, ఇంతియాజ్ ఫోటో పంపాడు. రేపు మధ్యాహ్నానికి రమ్మన్నాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను —

రేకుల మీద చప్పుడు.

మొదట గాలనుకున్నాను. కాదు. వాన. మంచి వాన, నేలను పట్టుకుని పడే వాన. సాకమ్మ వాకిట్లో నిలబడి తడుస్తోంది, నవ్వుతోంది. నన్నూ పిలిచింది. ఇస్త్రీపెట్టె చేతిలో పట్టుకుని గడపలోనే నిలబడ్డాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఈ ఊళ్లో వాన చూసి ఏడ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

జూలై 20, పొద్దున

చేలోకి పోయాను. మన్ను పిడికిట్లో పట్టాను. ముద్ద అయింది, చేతికి అంటలేదు.

ఫోన్. సూరి.

“గ్రౌండంతా బురద రా. స్టేజీ కుంగిపోయింది. షో లేదు.”

“ఊఁ.”

“కంపెనీవాళ్లు మధ్యాహ్నమే బండి తీస్తాండారు, బెంగుళూరుకు.”

“ఊఁ.”

తర్వాత వాడే అడిగాడు, మెల్లగా — “పదునైందా?”

ఆ మాట వాడి నోట విని ఎంత కాలమైంది. కత్తి కాదు, షార్ప్ కాదు. మా మాట.

“అయింది.”

“గొర్రు ఎనక ఎవురు నడుస్తాండారు?”

“ఎవురూ లేరు.”

ఎవరో వాణ్ణి పిలుస్తున్నారు అటు పక్క. బండి హారను. “వస్తా” అన్నాడు సూరి. ఫోన్ పెట్టేశాడు.

అదే రోజు, మధ్యాహ్నం

వస్తా.

తిరిగి చేశాను, ఎత్తలేదు. ఇంతియాజ్‌దీ అంతే. అనంతపురం నుంచి బెంగుళూరుకు ఒక దారి, మా ఊరికి ఒక దారి. వాడు ఏ దారిన ఉన్నా ఆ మాట అనేవాడే.

ఓబన్న ట్రాక్టరు గట్టు మీద ఆపాడు. ఎండ ఎక్కుతోంది, పైమన్ను అప్పుడే ఆరి రంగు మారుతోంది. “ఏమప్పా, ఇంగ మొదులుపెట్టేదా? ఇంగా నాలుగు చేన్లు ఉండాయి నాకు.” సాకమ్మ కొంగు బిగించి వచ్చింది, నేను నడుస్తాలే అని.

“ఉండక్కా, ఒక మనిషి రావల్ల” అన్నాను.

“ఎవురు?” అంది.

రోడ్డు మీద బస్సు చప్పుడు వినిపిస్తోంది. మలుపు దగ్గర ఆగుతుందో లేదో… ఇక్కడ గట్టు మీద కూర్చునే రాస్తున్నాను. ఓబన్న హారను కొడుతున్నాడు.