స్పామ్‌లో దాచిన ఉద్యోగం

మిర్యాలగూడ, జూలై 2009, గురువారం

ఇంట్లో తెలియకుండా హైదరాబాదులో టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన మరియమ్మక్క, తన మెయిల్ చూసిపెట్టమని నెట్ సెంటర్లో పనిచేసే నాకే అప్పగించింది. ఎంపికైనట్టు ఇవాళ మెయిల్ వచ్చింది. చదువుతుండగానే, ఎలా పసిగట్టాడో, ఆమె మరిది లోపలికొచ్చాడు.

“మా వదినకేమన్న వచ్చిందా? జర సూపియ్ చెల్లె.”

“ఆమెనే రమ్మను అన్నా.”

“మేమేమన్న పరాయోళ్లమా?” అంటూ తెర మీదికి వంగాడు. అప్పటికే దాన్ని స్పామ్‌లోకి తోసేశాను. ఇన్‌బాక్స్ ఖాళీ.

“ఇగ ఈమె పట్నం ముచ్చట ఖతం,” అని నవ్వుకుంటూ పోయాడు.

కళ్లు మూస్తే ఆ మెయిలే కనిపిస్తోంది, పేరు తెలియని దేశాల లాటరీ మెయిళ్ల మధ్య నిద్రపోతున్నట్టు. అక్కకు ఎలా చెప్పను? వాళ్లింట్లో ఫోన్ ఎత్తేది ఆ మరిదే. ఆ మెయిల్ చుట్టూ ఉన్నవన్నీ ‘మీరు గెలిచారు’ అనేవే. నిజంగా గెలిచింది అక్క ఒక్కతే, ఆమెకే ఇంకా తెలియదు…