పిన్సాపో చెట్ల ఊటకు దారి

రోండా పాతపేట నివాసిని, కీర్తిశేషుడు ఎవరిస్తో భార్యను, డెబ్బై నాలుగేళ్ల గైడును, లియొకాడియా మొంతెసినోస్ అను నేను తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న ఆఖరి వీలునామా ఇది. గుమాస్తా నేను చెప్పిందే రాస్తున్నాడో లేదోనని ప్రతి పుటా మళ్లీ చదివించుకున్నాను.

1. వంతెన పక్క ఇల్లు, సామానుతో సహా నా కూతురు కసిల్దాకు చెందాలి. బీరువా వెనక గోడ తవ్వొద్దు, అక్కడేమీ లేదు.

2. నా ఉన్ని శాలువా మనవరాలు నీవెస్‌కు. చలిగాలికి దానికి చెవిపోటు వస్తుంది, తల కప్పుకోమనండి.

3. కోటగుమ్మం, అరబ్బుల స్నానశాలలు అందరివీ. అక్కడ నేను చెప్పే కథలు మాత్రం ఎదురింటి గైడు ఎమెతేరియో వాడుకోరాదు. ఇప్పటికే సగం కాజేశాడు.

4. కొండ మీద పిన్సాపో చెట్ల నడుమ ఊట ఉంది. దాని దారి ఏ కాగితంలోనూ లేదు, నా భర్త నడిపించి చూపాడు. యాత్రికులను కింది గుట్ట దాకా తీసుకెళ్లి వెనక్కి తిప్పేదాన్ని. ఆ గుట్ట దగ్గరున్న వేరే ఊటను ఎవరో ఫోను పటంలో పెడితే, రెండు వేసవుల్లో అక్కడ సీసాలూ సబ్బు నురుగూ మిగిలాయి. కసిల్దాకు అందుకే చెప్పలేదు. ఫొటో పెట్టనిదే దానికి ముద్ద దిగదు.

మరిది క్రిసాంతో కూడా గైడే. దారి కాజేయడానికి ఇరవై ఏళ్లుగా నా వెనక పొంచి వస్తున్నాడని అనుమానించేదాన్ని. అతణ్ణి ఏమార్చడానికి అక్కర్లేని వాగులు మూడు దాటేదాన్ని. నా మోకాళ్లు పోయింది అందుకే.

నిరుడు జనవరిలో ఊట కింద జారి కాలు విరిగింది. ఆ రోజు క్రిసాంతో వెనక నుంచి రాలేదు. ఊట వైపు నుంచి, నాకు తెలియని అడ్డదారిన దిగివచ్చాడు. నీకెప్పటి నుంచి తెలుసని నిలదీశాను.

"చిన్నప్పుడు అన్నా నేనూ కలిసే కనిపెట్టాం వదినా. నీ వెనక ఇంకెవడన్నా వస్తాడేమోనని నేను కాపలా వచ్చేవాణ్ణి," అన్నాడు.

ఈ సంగతి నా భర్త చెప్పకుండానే పోయాడు. ఆయన మీద ఆ కోపం ఇంకా ఉంది. మరిది మాట ఏడాది దాకా నమ్మలేదు. మొన్న గాడిదనెక్కి వెళ్లి చూశాను. పాచి మీద యాత్రికుల అడుగు ఒక్కటీ లేదు. సిగ్గేసింది.

5. కనుక ఆ దారిని క్రిసాంతోకు రాసిచ్చే హక్కు నాకు లేదు, అది ముందే అతడిది. ఈ వీలునామా అమలు చేయవలసింది అతడే. నేను బతికుండగా అతడికి ఈ మాట చెప్పకండి, నెత్తికెక్కుతాడు. ఇప్పుడు బయట బల్ల మీద ఉన్నాడు. తలుపుకు చెవి పెట్టాడేమో చూసి రమ్మని సాక్షిని రెండుసార్లు పంపాను. నిద్రపోతున్నాడట.

కసిల్దా, బాబాయి పిలిచిన రోజున వెళ్లు. పిలవకపోతే అడగకు. వెళ్లేటప్పుడు ఫోను ఇంట్లో పెట్టు.

రోండా, 2019 మార్చి 14
(సంతకం) లియొకాడియా మొంతెసినోస్

సాక్షులు: హెలియొదొరో (రొట్టెల కొట్టు), ఒబ్దూలియా (మందుల షాపు)