వెనకబెంచీ కనబడటం లేదు

జూలై తొమ్మిది, బుధవారం
పగలు పదకొండు గంటలు

చిరంజీవి మిరియపుగింజకు,

అమ్మమ్మ ఆశీస్సులు. నేను కుశలం, నా మోకాళ్ళు నాకంటే కుశలం. నువ్వు వేళకు తింటున్నావని అనుకోమంటే అనుకుంటాను.

ముందు ఒక తప్పు దిద్దాలి. పైవాటా దర్జీ ఆవిడ ఫోనుకు నువ్వు పంపిన సందేశం ఆవిడ ఆదివారం సాయంత్రం తెచ్చి చూపించింది. "అమ్మమ్మ ఏదో నొక్కేసి ఉంటుంది" అని రాశావు. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. ఏమిటో తెలియకుండా దేన్నీ నొక్కను. నొక్కింది ఎవరో ఈ ఉత్తరంలోనే తేలుతుంది, కాస్త ఓపిక పట్టు.

పాత వైఫై పెట్టె ఉరుముల రోజున కాలిపోయిందా, నెట్ అతను కొత్తది తెచ్చి బీరువా మీద బిగించాడా, బిగిస్తూ నీతో ఫోనులో ఏదో మాట్లాడి వెళ్ళిపోయాడా. అప్పటినుంచి పన్నెండు రోజులుగా ల్యాప్‌టాప్‌కు మన ఇల్లు కనబడటం లేదు. పక్కవాళ్ళవి మాత్రం వరసగా కనబడతాయి. మూడో అంతస్తు వాళ్ళది ఉంది. ఎదురుమేడ పళ్ళ డాక్టరుగారిది ఉంది. "నువ్వే కొనుక్కో" అని పేరు పెట్టుకున్న మహానుభావుడెవరో గాని, ఆయనదీ ఉంది. చెయ్యి చాస్తే అందే దూరంలో కూర్చుని ఆకుపచ్చ దీపాలు మినుకుమినుకుమనిపిస్తున్న మన "వెనకబెంచీ" ఒక్కటే లేదు. ఆ పేరు పెట్టింది నువ్వే. నా క్లాసులో కూడా వెనకబెంచీ అవసరానికి ఎప్పుడూ కనబడేది కాదు.

నువ్వు పాపం నాలుగు సాయంత్రాలు, తెలుగు అక్షరం చూపించని నా పాత మీటల ఫోనుకు చేసి ఏం చేయాలో చెప్పావు. అన్నీ చేశానన్నాను. పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకం కూడా దగ్గర పెట్టుకున్నాను. పెట్టె ఆపి, ముప్పై లెక్కపెట్టి, మళ్ళీ వేశాను. ల్యాప్‌టాప్‌ను పడుకోబెట్టి లేపాను. విమానం బొమ్మ వెలుగుతోందేమో చూశాను, వెలగడం లేదు. చివరికి పెట్టెను కిందికి దించి, రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. తగవుపడ్డ తోడికోడళ్ళలా కూర్చున్నాయి తప్ప మాటల్లేవు.

రోజూ మనం వీడియోలో కలుసుకునే వేళ కదా, ఏడయ్యేసరికి అలవాటుకొద్దీ ల్యాప్‌టాప్ తెరుస్తాను. నీ ముఖం రావలసిన చోట పళ్ళ డాక్టరుగారి పేరు వస్తుంది. ఆయన పేరును ఎంతసేపని చూస్తాం? మూసేసి, బట్టలు మడతపెడతాను. మడతపెట్టినవే మళ్ళీ విప్పి మడతపెడతాను. ఏడుకూ ఎనిమిదికీ మధ్య ఒక్క గంటే ఉంటుందని పిల్లలకు చెప్పేదాన్ని. కొలిచి చెప్పలేదన్నమాట.

ఆదివారం రాలేదని నొచ్చుకోకు. "రాలేనంటే నువ్వే సరేనన్నావుగా" అని కూడా ఆ సందేశంలో రాశావు. నిజమే, అన్నాను. ఉద్యోగమన్నాక పనులుంటాయి. రెండు కంచాలు పెట్టుకోవడం నా చేతి అలవాటు. ఒకటి తీసి లోపల పెట్టాను, అంతే.

దర్జీ ఆవిడ మంచిదే గాని మర్యాద తక్కువ. తలుపు కొట్టడమనేది వాళ్ళింటా వంటా లేదు. నేరుగా వచ్చి భుజం తడుతుంది. మొన్న అదిరిపడి కళ్ళజోడు కాఫీలో వేసుకున్నాను. అయినా ఆవిడే పూనుకుని నిన్న నెట్ అతన్ని లాక్కొచ్చింది.

అతను నా ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పాడు. ఖాళీ గదిలో డోలు కొట్టినట్టుంటుంది అతని గొంతు. పెట్టె రెండు రకాల తరంగాలు పంపుతుందట. ఒకటి నిదానం, గోడలు దాటి పోతుంది. రెండోది జోరు. కొత్త ఫోన్లు రెండూ అందుకుంటాయి. మన ల్యాప్‌టాప్ పదేళ్ళనాటిది, దానికి నిదానంది తప్ప అందదు. ఆ నిదానందాన్ని ఎవరో ఆపించారు. ఎవరని అడిగాను. నెత్తి గోక్కుని, పెట్టె బిగించిన రోజు మీ మనవరాలుగారే ఆపమన్నారండీ అన్నాడు. మా అమ్మమ్మ ముఖం మధ్యలో ఆగిపోతోంది, జోరుగా ఉండేది ఒక్కటే ఉంచండి అన్నావట. నా ముఖం ఆగకుండా కనబడాలని నన్నే కనబడకుండా చేశావు. ఇప్పుడు చెప్పు, నొక్కించింది ఎవరు?

మళ్ళీ వేయడం నిమిషం పనేనట. కాని పెట్టె లోపలి పాస్‌వర్డు నువ్వు పెట్టుకున్నావు. మీ మనవరాలికి ఫోను చేసి కనుక్కుందామా అన్నాడు. పాస్‌వర్డులు ఫోనులో అడగడం పద్ధతి కాదని నేనే వద్దన్నాను.

వెళ్తూ వెళ్తూ ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసి ఒక మాట అన్నాడు. "ఇది చెడిపోలేదమ్మగారూ. వయసైంది. పాతది వినపడుతుంది, కొత్తది వినపడదు. దాన్ని తిట్టకండి."

ఆ మాటకు అతనికి రెండోసారి కాఫీ ఇచ్చాను.

తీరిక చూసుకుని ఆ పాస్‌వర్డేదో కాగితం మీద రాసి పంపు. తొందరేం లేదు.

ఇట్లు,
దేన్నీ నొక్కని నీ అమ్మమ్మ

తా.క. కవరు అంటించాక మళ్ళీ చింపాను. లెక్క తప్పుందని తెలిసీ పేపరు ఇచ్చేస్తే నేనేం టీచర్ని.

దర్జీ ఆవిడ తలుపు కొడుతుంది. చాలాసేపే కొడుతుందట. నాకే వినపడదు.

రెండేళ్ళయింది. నీ తెలుగు పాడవుతోంది, నోటితో కాదు, టైపు చేసి చెప్పు అని రోజూ ఏడింటికి నిన్ను వేధించింది అందుకే. నీ తెలుగుకేం, ఒత్తులు తప్ప బాగానే ఉంది.

ఫోనులో నువ్వు చెప్పినదాంట్లో నాకు ఒక్క ముక్క అందలేదు. చేసినవన్నీ ఆ చిన్న పుస్తకం చూసి చేసినవే. నువ్వు ఆగినప్పుడల్లా ఊఁ అన్నాను, సరే అన్నాను. ఆదివారం రాలేనని ఏ సరేకు ముందు అన్నావో నాకు తెలియదు. బెల్లు వినపడదని ఆ రోజు పొద్దున్నుంచీ తలుపు తెరిచిపెట్టి, వీధివైపు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. దర్జీ ఆవిడ నీ సందేశం తెచ్చేదాకా లేవలేదు.

చెవి డాక్టరు గీత గీసి చూపించాడు. నెట్ అతనిలాంటి బండ గొంతులు ఇంకా కొన్నాళ్ళు వినపడతాయట. సన్నని గొంతులు ముందు పోతాయట. నీది సన్నని గొంతు. ల్యాప్‌టాప్‌ను నేను తిట్టడం మానేశాను.

వచ్చే ఆదివారం రా. ఇది సరే కాదు, రా. పాస్‌వర్డు గుర్తుచేసుకుని రా. వస్తూ దారిలో చెవి మిషనుకు వేసే బొత్తాం బ్యాటరీలు రెండు అట్టలు కొను. మూడు వందల పన్నెండు నంబరు, గోధుమరంగు కాగితం అంటించి ఉంటుంది. ఇక్కడి మందుల షాపులో తెప్పించడానికి వారమంటున్నాడు. మిషను పోయిన నెలే కొన్నాను, సొరుగులో ఉంది. ఆ కాగితం మాత్రం పీకకు, గాలి తగిలిందంటే వాడినా వాడకపోయినా అయిపోతాయి. ఎలా ఉంటాయో చూద్దామని నేను మిషనుతో వచ్చిన ఆరు బ్యాటరీలకూ ఒకేసారి పీకేశాను. నేను చెప్పింది భౌతికశాస్త్రం, రసాయనం కాదు.

తలుపు తీసే ఉంటుంది. బెల్లు కొట్టి బయట నిలబడకు. నేరుగా వచ్చి భుజం తట్టు.